శుక్రవారం అక్కకి సెలవు

జూలై 6, సోమవారం

అక్క పోయాక ఇవాళే పనిలోకి వెళ్లాను.

ఏ రోజు సంగతులు ఆ రోజు వంటింటి గట్టు దగ్గర నిలబడి అక్కకి చెప్పడం నాకు అలవాటు. ఇప్పుడు గట్టుంది, నేనున్నాను. ఎవరికీ చెప్పకపోతే నాకు తిన్నది అరగదు కాబట్టి ఈ డైరీ మొదలుపెట్టాను. దీనితో ఒక సుఖం ఉంది. మధ్యలో అడ్డు తగిలి "అసలు సంగతి చెప్పవే" అనదు.

చెకింగ్ బల్ల దగ్గర నా కుర్చీ పక్కన అక్క కుర్చీ అలాగే ఉంది. దాని వీపుకి ఆమె కోటు, టోపీ, మాస్కు వేలాడుతున్నాయి. ఎవరూ తియ్యలేదు, నేనూ తియ్యలేదు. పొద్దున్నంతా రబ్బరు గ్లౌజులు ఒక్కొక్కటే గాలి గొట్టానికి తొడిగి, ఉబ్బించి, లైటుకెదురుగా పట్టి చిల్లులు వెతికాను. అక్క లైటుని నమ్మేది కాదు. ఉబ్బిన గ్లౌజుని చెంప దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. కంటికి దొరకని చిల్లు చెంపకి దొరుకుతుందనేది. ఆమె చూసిన సరుకు ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు.

మధ్యాహ్నం ఓనరు పిలుస్తున్నాడని సూపర్‌వైజరు వచ్చి చెప్పాడు. ఈల వేయకుండా మెట్లెక్కలేని మనిషి, అందుకే మేమంతా ఈలబాబు అంటాం. ఇవాళ ఈల లేదు. పైకెళ్తే ఓనరు నాకు కుర్చీ చూపించాడు. ఇన్నేళ్లలో ఆ గదిలో నేను కూర్చోవడం ఇదే మొదలు. అప్పుడే ఏదో ఉందనుకున్నాను.

"మీ అక్క సంగతి ఇంకా ఆఫీసుకి రాయలేదమ్మా," అన్నాడు.

ఆఫీసంటే పనిరోజుల తగ్గింపు ఆఫీసు. జీతం కొయ్యకుండా, ఎవరినీ తీసెయ్యకుండా, వారానికి ఆరు రోజుల పనిని ఐదు రోజులు చేస్తే జీతాల్లో కొంత భాగం ప్రభుత్వమే ఓనరుకి ఇస్తుంది. ఇరవై మంది ఉన్నచోటే ఇస్తారు. మేం సరిగ్గా ఇరవై మందిమి. ఏడాది దాకా ఒక్కరు తగ్గకూడదు, ఒకరి బదులు మరొకరు రాకూడదు. పాతవాళ్లని గెంటేసి చవగ్గా కొత్తవాళ్లని పెట్టుకున్న ఘనులు ఎక్కడో ఉన్నారట, అందుకని ఆ షరతు. శనివారం సరుకు లారీ వస్తుంది కాబట్టి మా ఓనరు శుక్రవారం సెలవన్నాడు. మొదటి సెలవు మొన్న మూడో తారీఖున.

ఆ సెలవు కోసమే అక్క ఆగింది. జ్వరం తగ్గడం లేదు, ఆసుపత్రికి పోదాం పదవే అంటే, "శుక్రవారం ఎలాగూ ఇంట్లోనే ఉంటాగా, అప్పుడు తీరిగ్గా చూపించుకుంటా" అంది. బుధవారం పోయింది.

"నీ కార్డుతో పాటు ఆమె కార్డు కూడా పంచ్ కొట్టు," అన్నాడు ఓనరు. "ఆమె పని అందరూ తలా కాస్త చేస్తారు. ఆమె జీతం పాపకే ఇస్తాను. కుదరదంటావా, అందరి శుక్రవారమూ పోతుంది. నీ ఇష్టం."

నా ఇష్టమన్నాడు కానీ తలుపు బయట ప్యాకింగ్ వదిన నిలబడి ఉంది. వాళ్లాయన పక్షవాతంతో మంచాన ఉన్నాడు. ఆవిడ వెనక తొట్టెల బాబాయి, ఆయన వెనక ఇంకా ఎవరెవరో. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగితే కోపగించుకునేదాన్ని, అడగలేదు కాబట్టి సరేనన్నాను.

అబద్ధం. వాళ్ల కోసం కాదు. గోడ మీద కార్డుల చట్రంలో నా కార్డు పక్కన అక్క కార్డు ఉంటుంది. అది తీసేస్తే అక్కడ ఖాళీ కనబడుతుంది.

ఇంటికి రాగానే పిచ్చుక అమ్మేదని అడిగింది. అక్క కూతురు, రెండో తరగతి. దాని నాన్న వేరే కాపురం పెట్టుకుని చాలా కాలమైంది. అక్క పోయినప్పుడు దీనికీ జ్వరమే. పక్కింటి టైలరమ్మ దగ్గర పడుకోబెట్టాం, ఏమీ చూడలేదు. 

"పనికెళ్లింది," అన్నాను. కార్డు కొట్టాం కదా, ఒకరకంగా నిజమే.

జూలై 7, మంగళవారం

రెండు కార్డులూ పంచ్ కొట్టాను. రెండిటికీ ఒకే చప్పుడు.

జూలై 10, శుక్రవారం

సెలవు. ఏం చెయ్యాలో తోచక గిన్నెలు తోమినవే మళ్లీ తోమాను. అక్క ఉంటే నవ్వేది. ఆదివారాన్ని ఆమె సెలవని ఒప్పుకునేది కాదు. బట్టలు, సరుకులు, ఇల్లు కడగడం, అది ఇంకో డ్యూటీ అనేది. శుక్రవారం మాత్రం అలా కాదు. "శుక్రవారం మొత్తం పిచ్చుకదే, ఒక్క గిన్నె కూడా ముట్టుకోను" అని ముందే చెప్పేసింది.

పిచ్చుక మెడలో ఎప్పుడూ ఒక నాడాకి తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. బడి నుంచి వచ్చి తనే తాళం తీసుకుని, మేం వచ్చేదాకా ఒక్కతే కూర్చుంటుంది. శుక్రవారం నుంచి నువ్వొచ్చేసరికి తలుపు తీసి ఉంటుందే అని అక్క దానికి మాటిచ్చింది. అది రోజులు లెక్కపెట్టుకుంది.

ఇవాళ తలుపు తీసి ఉండటం చూసి బ్యాగు గుమ్మంలోనే పడేసి "అమ్మా" అని పరిగెత్తుకొచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"నువ్వా," అంది.

"నేనే. ఏం, పనికిరానా?"

"అమ్మకి కూడా ఇవాళ సెలవేగా?"

"పనెక్కువుందే. వచ్చే శుక్రవారం వస్తుందిలే."

అంత పెద్ద మాట అంత తేలిగ్గా ఎలా అన్నానో తెలియదు. అన్నాక కాసేపు నాకూ బాగానే అనిపించింది. ఎవరో వస్తారన్నట్టు సాయంత్రం ఇల్లు సర్దాను.

జూలై 14, మంగళవారం

అక్క వాటా గ్లౌజులు తలా కొన్ని చూస్తున్నారు. మిగిలినవి నేను చూస్తున్నాను.

ఇవాళ ఒక చిత్రం. ప్యాకింగ్ వదిన అట్టపెట్టెలు తీసుకెళ్తూ అక్క కుర్చీ దగ్గర ఆగింది. "నీ పుణ్యమా అని మొన్న శుక్రవారం మా ఆయన్ని వీధి చివరిదాకా నడిపించాను," అని కుర్చీతో చెప్పింది. నాతో కాదు. ఆ తర్వాత తొట్టెల బాబాయి వచ్చాడు. రసాయనం తొట్టెల్లో అచ్చులు ముంచీ ముంచీ ఆయన చేతులు ఎప్పుడూ పాలిపోయి ఉంటాయి. "నిద్రపోయానమ్మాయ్, పట్టపగలు నిద్రపోయాను," అన్నాడు, అదీ కుర్చీతోనే. సాయంత్రం ఈలబాబు హాజరు చూసుకుంటూ కుర్చీ వైపు తలూపి "ఉన్నారు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వినది నేనొక్కదాన్నే.

జూలై 16, గురువారం

మధ్యాహ్నం తిని వచ్చేసరికి అక్క వాటా అయిపోయి ఉంది. దొంతర పద్ధతిగా పేర్చి ఉంది. బొటనవేళ్లన్నీ గోడ వైపు.

జూలై 17, శుక్రవారం

నిన్నటి సంగతి వివరంగా రాయాలి, లేకపోతే రేపు నాకే నమ్మకం ఉండదు. మేమందరం కుడిచేతి వాళ్లం. మేం పేరిస్తే గ్లౌజుల బొటనవేళ్లు కిటికీ వైపు ఉంటాయి. అక్కది ఎడమచేతి వాటం, ఆమె దొంతర ఒక్కటే గోడ వైపు తిరిగి ఉండేది. ప్యాకింగ్ వదిన ఎన్నిసార్లు విసుక్కునేదో. అందరినీ అడిగాను. తొట్టెల బాబాయి చేసి ఉంటాడని వదిన, వదిన చేసి ఉంటుందని బాబాయి. సరే, ఎవరో ఒకరు చేశారు.

ఇవాళ బజారులో ఆలస్యమైంది. వచ్చేసరికి పిచ్చుక లోపల కూర్చుని బొమ్మలకి రంగులేసుకుంటోంది.

"తాళం తీసుకున్నావా?"

"తలుపు తీసే ఉంది."

నేను తాళం వేశాను. వేసి లాగి చూశాను కూడా. మరి మర్చిపోయానేమో. దాని తల దువ్వి జడ వేసి ఉంది. పొద్దున్న నేను వేసిన జడ కాదు. పాయలు ఎదురు తిరిగి ఉన్నాయి, ఎడమచేతివాళ్లు అల్లితే ఉంటాయే అలా. టైలరమ్మ వేసి ఉంటుంది. టైలరమ్మది ఏ చెయ్యి వాటమో ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదు. వెళ్లి అడుగుదామనుకున్నాను, మళ్లీ వద్దనుకున్నాను.

జూలై 18, శనివారం

శనివారాలు బడి ఉండదు. పిచ్చుకని టైలరమ్మ దగ్గర దించేటప్పుడు చూశాను. కుడిచేత్తో కత్తిరిస్తోంది.

జూలై 24, శుక్రవారం

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇది నా డైరీ.

మధ్యాహ్నం తిని, ఇల్లు ఊడ్చి, అక్క చీర ఉతికింది తీసి మంచం మీద పెట్టి, తాళం వేసి బయటికి వెళ్లిపోయాను. పనేమీ లేదు. నేనుంటే రాదేమోనని. బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాను. వచ్చే బస్సు, పోయే బస్సు. టికెట్లిచ్చే అతను రెండుసార్లు వచ్చి ఎక్కడికమ్మా అని అడిగాడు. ఎక్కడికీ కాదు, ఇంట్లో మా అక్క ఉంది, దానికీ కూతురికీ కాస్త చోటివ్వాలని వచ్చాను అని ఉన్నదున్నట్టు చెప్పాను. అతను మంచిదమ్మా అన్నాడు. ఇంకొకరితో అనేసరికి అది ఎంత మామూలుగా ఉందో.

సాయంత్రం ఇంటికొచ్చాను. తలుపు తీసి ఉంది. మంచం మీద చీర మడత మారింది. పిచ్చుక నవ్వుతోంది. అక్క పోయాక అది నవ్వడం ఇదే మొదలు. దాని కుడి చెంప మీద తెల్లగా పౌడరు ఉంది, గ్లౌజులు అతుక్కోకుండా మేం చల్లే పౌడరు. వేళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. ఎదురుగా నిలబడి ఎడమచేత్తో చెంప నిమిరితే ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి.

నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. ఆ చెంప మీద ముద్దు పెట్టుకుని, పౌడరు వాసన పీల్చుకుని, వంటింట్లోకెళ్లి ఏడ్చాను. అక్క వస్తోంది. సోమవారం నుంచి గురువారం దాకా, మళ్లీ శనివారం, పనిలో ఉంటోంది. శుక్రవారం ఇంటికి వస్తోంది. మాట తప్పలేదు.

జూలై 30, గురువారం

రేపు శుక్రవారం.

ఆగస్టు 7, శుక్రవారం

మళ్లీ బస్టాండు. టికెట్లతను ఇవాళ అడగలేదు, దూరం నుంచే తలూపాడు.

పిచ్చుక సరిగా తినడం లేదు. అమ్మ తినడం లేదుగా అంటుంది. చేతులు చల్లగా ఉంటున్నాయి. వర్షాల వల్ల అనుకుంటాను.

ఆగస్టు 11, మంగళవారం

బడి నుంచి కబురొస్తే ఒంట్లో బాగాలేదని ఈలబాబుతో చెప్పి వెళ్లాను. టీచరు చిన్నపిల్ల, నన్ను చూసి తనే కంగారుపడింది.

"తప్పేం చెయ్యలేదండీ. టిఫిను తెచ్చుకున్న కవరు ఊది, ఉబ్బించి, చెంపకి ఆనించుకుని కళ్లు మూసుకుంటోంది. పాఠం జరుగుతున్నంతసేపూ అదే. పక్కపిల్లల కవర్లు కూడా అడిగి తీసుకుంటోంది. తీసేస్తుంటే, ఇంకా నాకు రాలేదు, నేర్చుకోవాలి అంటోంది."

దార్లో అడిగాను, ఎవరు నేర్పుతున్నారే అని. నాకు తెలియనట్టు.

"అమ్మ," అంది. "పని వస్తేనే తీసుకెళ్తుందట."

"ఎక్కడికి?"

"పనికి. అక్కడ అమ్మకి ఏమీ తోచట్లేదు పిన్నీ. అందరూ వచ్చి చెప్పి వెళ్లిపోతారట. అమ్మ మాట్లాడితే ఎవరూ పలకరట. నేనైతే పలుకుతాను కదా, అందుకు."

"ఎప్పుడు తీసుకెళ్తుంది?"

"నాకు చిల్లు దొరగ్గానే."

రోడ్డు మీదే నిలబడిపోయాను. అది నా చెయ్యి పట్టుకుని, బండ్లొస్తున్నాయి పిన్నీ అని నన్నే పక్కకి లాగింది. చెయ్యి మంచులా ఉంది.

ఆగస్టు 12, బుధవారం

ఎవరూ లేనప్పుడు కుర్చీతో మాట్లాడాను. "పిల్లని వదిలెయ్యవే. కావాలంటే నేనొస్తా." మాస్కు కొంచెం ఊగింది. పైన ఫ్యాను ఉంది.

ఆగస్టు 14, శుక్రవారం

బస్టాండుకి వెళ్లలేదు. పిచ్చుకని బడికీ పంపలేదు. గడియ పెట్టుకుని ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. బడి వదిలే వేళకి తాళం కదిలింది. బయట ఎవరూ లేరు, తాళమూ బయట లేదు, నా ఒళ్లో ఉంది. నా ఒళ్లోనే కదిలింది.

పిచ్చుక తలుపు కేసి చూసి, "ఇవాళ కుదరదమ్మా, పిన్ని ఉంది" అని నెమ్మదిగా చెప్పింది. పెద్దవాళ్లు ఇంటికొచ్చిన మనిషిని నొప్పించకుండా పంపేస్తారే, అలా.

ఆగస్టు 17, సోమవారం

ఓనరుతో చెప్పాను, అక్క పేరు తీసెయ్యండని. ఎందుకో చెప్పలేదు, చెబితే నన్నే ముందు తీసేస్తాడు.

"గురువారం తనిఖీ ఉందమ్మా. ఆ ఒక్కటీ అయిపోనీ. నువ్వే ముందు మీ అక్క కోటు వేసుకుని ఆమె కుర్చీలో కూర్చో. టోపీ, మాస్కు పెట్టుకుంటే మీరందరూ నాకే ఒకేలా కనబడతారు. తర్వాత నీ కోటు వేసుకుని మళ్లీ రా."

"అక్కకి ఇబ్బందిగా ఉందండి."

ఓనరు చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేశాడు. చెడ్డవాడు కాదు. "నాకు మాత్రం బాగుందా?" అన్నాడు. "మొన్న కిందికొచ్చి, ఖాళీ కుర్చీని ఎలా ఉన్నావమ్మా అని అడిగాను."

ఇంటికొచ్చేసరికి పిచ్చుక కవరు చెంపకి ఆనించుకుని ఉంది. కళ్లు తెరవకుండానే, "దగ్గరికొచ్చింది పిన్నీ, చిన్న గాలి తగులుతోంది," అంది.

ఆగస్టు 20, గురువారం

అంతా వరసగా రాస్తాను.

పొద్దున్న ఇద్దరి కార్డులూ పంచ్ కొట్టాను. అక్క కోటు వేసుకున్నాను. అక్క నాకంటే పొట్టి, కోటు చేతులు నాకు చాలకూడదు, కానీ సరిపోయాయి. టోపీ పెట్టుకున్నాను, మాస్కు కట్టుకున్నాను. మాస్కు లోపల వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే తీసి ఇచ్చినట్టు.

ఆఫీసరమ్మ పెద్దావిడ. చెప్పులు నొప్పెడుతున్నాయేమో, ఆగి ఆగి నడుస్తోంది. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని తీరిగ్గా మాట్లాడింది. ప్యాకింగ్ వదిన శుక్రవారం గురించి చెబుతూ కళ్లు తుడుచుకుంది. తొట్టెల బాబాయి నిద్ర గురించి చెప్పాడు. ఆవిడ నవ్వుతూ రాసుకుంది. వాళ్లు చెప్పిన ప్రతిమాటా నిజం. అదే నా ప్రాణం తీసింది.

తర్వాత నా ముందు కూర్చుని అక్క పేరు పెట్టి పిలిచింది. 

"నేనేనండి," అన్నాను.

"శుక్రవారాలు ఏం చేస్తున్నారమ్మా?"

ఈలబాబు నేర్పిన జవాబు ఉంది. ఇంటిపని చూసుకుంటున్నాను, విశ్రాంతి తీసుకుంటున్నాను, ఆరోగ్యం బాగుపడింది. నోరు తెరిచాను. 

"మా పాపకి తలుపు తీస్తున్నాను," అన్నాను. 

ఆ మాట నేను అనుకున్నది కాదు. గొంతు నాదే, కానీ ఆ తాపీ నాది కాదు.

"బాగుంది," అంది ఆవిడ. "మరి అలసట తగ్గిందా?"

"లేదండి. నన్ను వదలడం లేదు."

"ఎవరు?"

చెంపకి చల్లగా గాలి తగిలింది, సూది మొనంత. పక్కన ఉబ్బిన గ్లౌజు ఏదీ లేదు. గాలి గొట్టం కట్టేసి ఉంది. అక్క ఎలా కళ్లు మూసుకునేదో అలా నా కళ్లు మూతపడ్డాయి. ఇంకొక్క క్షణం అలాగే ఉంటే ఇక తెరవనని తెలిసింది. ఇంటి దగ్గర పిల్ల కూడా అలాగే కళ్లు మూసుకుని ఉంటుంది.

మాస్కు లాగేశాను.

"మా అక్క చనిపోయిందండి. మీ శుక్రవారాలు మొదలవకముందే పోయింది. నేను చెల్లెల్ని. ఆమె పేరు కొట్టెయ్యండి. ఇప్పుడే, నా ఎదురుగా కొట్టెయ్యండి."

తొట్టెల దగ్గర గొలుసు మీద పింగాణీ చేతి అచ్చులు ఒకదాని వెనక ఒకటి మునిగి లేస్తున్నాయి. ఆఫీసరమ్మ నా చెయ్యి మీద చెయ్యి వేసి, "మీ అక్కగారి వయసెంతమ్మా?" అని అడిగింది. ఇన్నాళ్లలో ఆ మాట అడిగింది ఆవిడొక్కతే. చెప్పాను. ఆవిడ పేరు కొట్టేసింది. ఓనరు మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ప్యాకింగ్ వదిన కేసి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

ఆగస్టు 21, శుక్రవారం

ఇదే చివరి శుక్రవారమట, రద్దు ఉత్తర్వు వచ్చేదాకా కూడా ఓనరు ఆగదలుచుకోలేదు.

పిచ్చుక బడి నుంచి వచ్చి తనే తాళం తీసుకుంది. నేను లోపలే ఉన్నాను. కావాలనే బయట తాళం వేయించుకున్నాను టైలరమ్మ చేత. కదల్లేదు, తెరుచుకోలేదు, పిల్ల తాళంచెవి పెట్టాకే తెరుచుకుంది. దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను.

"అమ్మ చచ్చిపోయిందే."

"తెలుసు."

"తెలుసా?"

"బళ్లో అందరికీ తెలుసు. నువ్వే పనికెళ్లిందన్నావు. అందుకే వెళ్లింది."

దాన్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. అది నా వీపు నిమిరింది. రాత్రి పెట్టినదంతా తిన్నది.

ఆగస్టు 31, సోమవారం

అక్క కుర్చీ గోదాంలో పడేశారు. కార్డు ఈలబాబు చింపేశాడు. చట్రంలో ఖాళీ కనబడుతోంది, అనుకున్నంత బాధ లేదు.

నాతో ఎవరూ మాట్లాడటం లేదు. మధ్యాహ్నం ప్యాకింగ్ వదిన మాత్రం పక్కన కూర్చుంది. 

"నీది తప్పని నేననను," అంది. "మా ఆయన మళ్లీ మంచంలోనే ఉన్నాడు, అంతే." 

అని తన డబ్బా మూత పెట్టుకుని లేచింది. తిట్టినా బాగుండేది.

పిచ్చుక కవర్లు ఊదడం మానేసింది. చేతులు వెచ్చగా ఉన్నాయి. ఇది చాలు నాకు.

సెప్టెంబరు 4, శుక్రవారం

పనికి వెళ్లాను. శుక్రవారం పని చెయ్యడం అందరికీ ఇంకా కొత్తగానే ఉన్నట్టుంది, నడకలు బరువుగా ఉన్నాయి. ఆఫీసుకి తిరిగి కట్టాల్సిన డబ్బు పూడ్చాలని సాయంత్రం ఇంకాస్త ఎక్కువ సేపు ఉంచారు. తిరిగి వస్తూ బస్సులో టికెట్టు కోసం బ్యాగులో చెయ్యి పెడితే పిచ్చుక నాడా తగిలింది. పొద్దున్న తల స్నానం చేయించి నేనే తీసి ఉంచాను, మళ్లీ మెడలో వెయ్యడం మర్చిపోయాను. తాళంచెవి రోజంతా నా దగ్గరే ఉంది.

బస్సు దిగి పరిగెత్తాను. పిల్ల వీధిలో నిలబడి ఏడుస్తూ ఉంటుందనుకున్నాను. టైలరమ్మ కొట్టు మూసి ఉంది. మా ఇంట్లో లైటు వెలుగుతోంది. తలుపు తీసి ఉంది.

పిచ్చుక చాప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. ఒంటి మీద ఉతికిన గౌను. జడ వేసి ఉంది. పాయలు ఎదురు తిరిగి ఉన్నాయి.

"ఎవరు తీశారే తలుపు?"

"అమ్మ."

"అమ్మ పేరు కొట్టేయించాను కదే." చెప్పులతోనే లోపలికి వచ్చేశాను. "పనిలోంచి తీసేశారు కదా."

"అవును," అంది లెక్క మీంచి తలెత్తకుండా. "అందుకే. అమ్మకి ఇంక రోజూ శుక్రవారమేనట."

సెప్టెంబరు 5, శనివారం

పనికి వెళ్లే ముందు రాస్తున్నాను. రాత్రంతా ఆలోచించాను. పిల్లని తీసుకెళ్లడానికి అక్కకి ఇప్పుడు వెళ్లే చోటు లేదు. పేరే లేదు. నాకేమో రోజూ చీకటిపడేదాకా పని. పిచ్చుక చేతులు పట్టుకుని చూశాను, కాస్త చల్లగా ఉన్నాయి, పొద్దున్నే కదా, ఉంటాయి.

టైలరమ్మ దగ్గర దించడం లేదు. తాళం కూడా వెయ్యడం లేదు. ఇంట్లో మనిషి ఉండగా ఎందుకు.